పటకథనుండి దూరదర్శనమువరకు: శ్యామ్ బెనగల్‌గారి కృషి



ఏ కులసభ జరిగినను అందు తప్పక వినవచ్చు తీర్మానము ఒకటి కలదు. మన పూర్వుల చరిత్రమును గ్రంథస్థము చేయవలెననునదే యా తీర్మానము. అది కరతాళధ్వనులమధ్య ఏకగ్రీవముగా అంగీకరింపబడును. మరుసటియేడు మరల అదే తీర్మానము, ఇంచుమించు అవే మాటలతో, సభయెదుటికి వచ్చును. చరిత్రము కావలెనను కోరికకు మనలో కొదువలేదు. దానిని చేయించువారెవరు, చేయించినవారు దేనిని చెప్పనిత్తురు, దేనిని దాచుమందురు అను ప్రశ్నలయొద్దనే కార్యము నిలిచిపోవుచున్నది. ఈ ప్రశ్నలకు ఒక కళాకారుని జీవితమునందు సమాధానము వెదకుట ఈ వ్యాసమునందలి నా యుద్దేశము. ఆయన మన హైదరాబాదు ప్రాంతమున జన్మించి, తెలంగాణపు పొలములను, మగ్గములను తెరపై నిలిపినవాడగుట మనకు మరియొక సంతోషకారణము.

పటము కట్టించిన పూర్వులు

చలనచిత్రము పుట్టుటకు ఎన్నో తరములకు ముందే తెలంగాణమున బొమ్మలతో చరిత్రము చెప్పు సంప్రదాయము వర్ధిల్లినది. నకాషీ చిత్రకారులు గుడ్డమీద చింతగింజల అంబలియు, తెల్లసుద్దయు పూసి, ఆరనిచ్చి, దానిపై వరుసవరుసలుగా కథను చిత్రించెడివారు. చేర్యాల గ్రామమునకు ఆ విద్యవలననే ప్రఖ్యాతి కలిగినది. కూనపులివారు అట్టి పటమును విప్పి పద్మశాలీలయెదుట మార్కండేయపురాణము చెప్పెడివారు. కాకిపడిగెలవారు ముదిరాజులకు పాండవులకథను, గౌడజెట్టులు గౌడులకు గౌడపురాణమును వినిపించెడివారు. పటమునకు సొమ్మును, పాటకు సంభావనయు ఆయా కులములే యిచ్చెడివి. చదువు రానివాడును తన వంశకథను కన్నులార చూచి, చెవులార విని, తన బిడ్డలకు చెప్పుకొనగలిగెను.

ఈ సంప్రదాయము సన్నగిలినను నశింపలేదు. దీనియందు మనము గర్వింపదగినది చాల కలదు. అయినను ఒక పరిమితిని దాచిపుచ్చరాదు. ఎవరి సొమ్ముతో పటము కట్టబడునో వారి ఘనతయే యా పటమున ప్రధానమై యుండును. వారి తప్పులకు అందు చోటు తక్కువ. పోషకుని యెదుట నిలిచి అతని లోపమును అతనికి చూపుట ఏ కళాకారునకైనను కష్టమే. ఈ కష్టమును 60 సంవత్సరములకు పైగా ఎదుర్కొనిన వారిలో శ్యామ్ బెనగల్‌గారు అగ్రగణ్యులు.

జననము, విద్య

బెనగల్‌గారు 1934 డిసెంబరు 14వ తేదీన సికింద్రాబాదు సమీపమున, అప్పటి సైనిక దండుప్రదేశమైన తిరుమలగిరిలో జన్మించిరి. వారిది కొంకణి మాతృభాషగాగల కుటుంబము, పూర్వులది కన్నడదేశము. తండ్రి శ్రీధర్ బెనగల్‌గారు ఛాయాచిత్రకారులు. తండ్రి యిచ్చిన కెమెరాతో 12వ యేటనే ఈ బాలుడు తన మొదటి చిత్రమును తీసెనట. ఆ యేండ్లలోనే తెలంగాణ పల్లెలందు దొరలపై రైతులు తిరుగబడిరి. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము అంతరించెను. ఎదుగుచున్న బాలుని మనస్సున ఆ దృశ్యములు ముద్రపడుట సహజమే కదా!

ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునందు ఎం.ఏ. పట్టము పుచ్చుకొనిరి. విద్యార్థులుగా నున్నప్పుడే హైదరాబాదు ఫిల్ము సొసైటీని స్థాపించిరి. ప్రసిద్ధ దర్శకుడు గురుదత్తు వీరికి బంధువే అయినను, ఆ బంధుత్వమును నిచ్చెనగా చేసికొని సినిమాలోనికి ఎక్కుటకు వీరు యత్నింపలేదు. బొంబాయి చేరి, 1959లో లింటాస్ అను ప్రకటనల సంస్థయందు ప్రకటనలు వ్రాయు నుద్యోగమున ప్రవేశించిరి.

ప్రకటనలనుండి పాఠములకు

సబ్బును, నూనెను అమ్ముటకు తీయు చిత్రములలో చరిత్రకారుడు నేర్వదగిన దేమున్నదని కొందరు ప్రశ్నింపవచ్చును. కొద్దినిమిషములలో కథ చెప్పుట, సొమ్మిచ్చినవాని యవసరమును, చూచువాని యవసరమును ఒకేసారి తీర్చుట అను రెండు విద్యలను బెనగల్‌గారు అచ్చటనే అభ్యసించిరి. ప్రకటనచిత్రములును, ఇతరుల సొమ్ముతో తీసిన లఘుచిత్రములును కలిసి వారి చేతిమీదుగా వెలువడినవి 900కు పైబడునని చెప్పుదురు.

వారి మొదటి డాక్యుమెంటరీ 1962లో గుజరాతీ భాషయందు వెలువడినది. దాని పేరునకు ఇంటిముంగిటికి వచ్చిన గంగ యని యర్థము. 1967లో వీధిబాలునిగూర్చి తీసిన చిత్రము వారికి మంచిపేరు తెచ్చినది. 1966 మొదలు 1973 వరకు పూనాయందలి ఫిల్ము విద్యాలయమున పాఠములు చెప్పిరి. తరువాతి కాలమున ఆ సంస్థకు రెండుమార్లు అధ్యక్షులైరి.

1970 ప్రాంతమున హోమీ భాభా ఫెలోషిప్పు లభింపగా అమెరికాకేగి, న్యూయార్కున బాలుర టెలివిజను కార్యక్రమములను తయారుచేయు సంస్థయందును, బోస్టనునందలి ప్రజాటెలివిజను కేంద్రమునందును పనిచేసిరి. అప్పటికి మనదేశమున టెలివిజను శైశవదశలో నుండెను. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీయందు ప్రారంభమైన ఆ ప్రసారము పల్లెల కెక్కడిది?

ఆ కొరత తీర్చుటకు తలపెట్టిన మొదటి మహాప్రయత్నము 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు జరిగినది. అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఏడాదికాలము వాడుకొని, ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 పల్లెలకు నేరుగా బొమ్మను, మాటను పంపిరి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశము నొకటి. పంచాయతీ యింటియెదుటనో, బడిముంగిటనో పెట్టియుంచిన పెట్టెచుట్టు ఊరంతయు కూర్చుండి చూచెను. ఆ ప్రయత్నమునకై బాలురకు పాఠములను చిత్రములుగా తీసియిచ్చినవారిలో బెనగల్‌గారుండిరి. పటము విప్పినవాని చుట్టును చేరినట్లే జనులు మరల ఒక బొమ్మచుట్టును చేరిరి. ఈసారి పోషకుడు కులము కాదు, ప్రభుత్వము.

తెలంగాణపు మొలక

ఈ నడుమనే 1974లో వారి తొలి కథాచిత్రము ‘అంకుర్’ వెలువడెను. దానికి మూలము విద్యార్థిదశయందు తాము వ్రాసిన కథ. దానిని చిత్రముగా తీయుటకు సుమారు 13 సంవత్సరములు నిర్మాతలకొరకు వెదకవలసివచ్చెనట! తుదకు సినిమాశాలలకు ప్రకటనచిత్రములను పంచు బ్లేజ్ అను సంస్థ సొమ్ము పెట్టినది. తెలంగాణపు పల్లెయందే చిత్రించి, అచ్చటి దక్కనీ మాటతీరును పాత్రలనోట నుంచిరి. భూస్వామి కుమారుడు, అతనియింట పనిచేయు స్త్రీ, మాటలాడలేని ఆమె భర్త — ఈ ముగ్గురి కథ అది. తుదిని ఒక బాలుడు దొరయింటి కిటికీమీదికి విసరిన రాయి పాఠకులలో పలువురకు జ్ఞప్తియందుండును. మరుసటి సంవత్సరమే వెలువడిన ‘నిశాంత్’ కూడ నిజాముకాలపు దొరతనమునుగూర్చినదే. కథాచిత్రములైనను వీనియందు డాక్యుమెంటరీలో ఆరితేరిన కన్ను స్పష్టముగా కనబడును.

రెండు రూపాయల చిత్రము

ఇక పోషకమహాశయులు ప్రత్యేకముగా మనసు పెట్టవలసిన ఘట్టమునకు వచ్చుచున్నాను.

గుజరాతునందలి పాల సహకారసంఘములకు నాయకుడైన వర్గీస్ కురియన్‌గారికొరకు బెనగల్‌గారు పాడిపరిశ్రమనుగూర్చి డాక్యుమెంటరీలు తీసియుండిరి. అవి బాగుగనే యుండినను, ఆ యుద్యమముతో సంబంధమున్నవారికి తప్ప ఇతరులకు చేరవని ఆయనకు తోచినది. కథాచిత్రమైనచో నలుగురును చూతురు. మరి సొమ్మెక్కడిది? అప్పుడు కురియన్‌గారొక యుపాయము చెప్పిరి. సంఘములందలి 5 లక్షలమంది రైతులు తలకు 2 రూపాయలచొప్పున ఇచ్చిరి. 10 లక్షల రూపాయలు కూడినవి. 1976లో ‘మంథన్’ వెలువడెను. తమ చిత్రమును తాము చూచుకొనుటకు రైతులు పల్లెలనుండి బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చిరట. ఆ సంవత్సరపు ఉత్తమ హిందీ చిత్రముగా జాతీయపురస్కారము దానికి లభించినది. 2024లో దానిని పునరుద్ధరించి ఫ్రాన్సునందలి కాన్ ఉత్సవమున ప్రదర్శించిరి.

ఇంతవరకు చెప్పినది కీర్తి. నేను చెప్పదలచినది దానికంటె పెద్ద విషయము. రైతుల సొమ్ముతో తీసిన ఆ చిత్రమున రైతులయూరు స్వర్గముగా చూపబడలేదు. పాలసంఘము పెట్టగనే ఊరిలో కులముల పోరు పైకివచ్చును. ఎన్నికలో పల్లెపెద్ద ఓడిపోగా, దళితుల పక్షము గెలుపును ఆతడు సహింపజాలడు. పట్టణమునుండి వచ్చిన సంఘసేవకులలో నొకడు అమాయకయైన పల్లెపడుచును వంచించును. సంఘమును నెలకొల్పిన పశువైద్యుడు తుదకు బదిలీయై, కార్యము సగమున విడిచి రైలెక్కి పోవును. మిగిలినది ఆ యూరివారి పట్టుదల మాత్రమే. రెండు రూపాయలిచ్చిన ఏ రైతును ‘మా సొమ్ము తిని మా కులపుపోరును లోకమునకు చాటితిరేమి?’ యని చిత్రమును నిలిపివేయలేదు. పైగా ఆ చిత్రమును ఇతర పల్లెలకు కొనిపోయి, దానిని చూపి క్రొత్తసంఘములను నెలకొల్పిరి. లోపమును దాచియున్నచో చూచిన పరాయియూరివారు అది తమ కథయని నమ్మియుండెడివారు కారు. నమ్మనివారు సంఘమెట్లు పెట్టుదురు?

మగ్గమునుగూర్చిన చిత్రము

1987లో బెనగల్‌గారు మరల తెలంగాణమునకు వచ్చిరి. ఈమారు పోషకులు చేనేత సహకారసంఘములవారు. ‘సుస్మన్’ అను నా చిత్రము పోచంపల్లి నేతగాండ్రనుగూర్చినది. ఓంపురిగారు ధరించిన రాములు పాత్ర చేయితిరిగిన నేతగాడు. విదేశమున జరుగు ప్రదర్శనముకొరకు పట్టు నేయు పని అతనికి వచ్చును. ఇచ్చిన పట్టునూలులో కొంత దాచి, తన కుమార్తె పెండ్లికి చీర నేయ తలపెట్టును. దొంగయని నింద వచ్చును. ఎందరి పెండ్లిండ్లకో పట్టుచీరలు నేసిన చేతులు తన బిడ్డకొక్క చీర నేసికొనుటకు దొంగతనము చేయవలసివచ్చెనా యని ప్రేక్షకుని హృదయము కలుక్కుమనును.

చేనేతసంఘముల సొమ్ముతో తీసిన చిత్రమున నాయకుడైన నేతగాడు నూలు దాచినవాడు! స్తుతిని కోరు పోషకుడు దీని కొప్పుకొనునా? ఒప్పుకొనుటవలననే నేతగాని నేర్పు మాత్రమేకాక ఆతని దారిద్ర్యమును, నడుమనుండు వర్తకుని లాభమును ఎల్లరి కన్నులయెదుటను నిలిచినవి. నేత ఘనతను పొగడు పాట వినినవాడు ఆనందించి యింటికి పోవును. రాముల దుఃఖమును చూచినవాడు తాను కొనిన చీరవెల ఎవరి కెంత చేరినదని ఆలోచించును.

దూరదర్శనమున దేశచరిత్రము

1986లో దూరదర్శనమున ‘యాత్ర’ అను ధారావాహిక వచ్చెను. కన్యాకుమారినుండి జమ్మువరకు పోవు రైలుబండియే దానికి రంగస్థలము, రైల్వేవారే పోషకులు. డబ్బాలో కూర్చున్న ప్రయాణికుల సుఖదుఃఖములే కథ.

అటుపిమ్మట వారి జీవితమున మేరుసదృశమైన కార్యము ‘భారత్ ఏక్ ఖోజ్’. జవహర్లాల్ నెహ్రూగారు 1944లో అహమదునగరు కోటయందు బందీగానుండి వ్రాసి, 1946లో ప్రకటించిన భారతదర్శన గ్రంథము దానికి మూలము. 1988లో ప్రారంభమై 53 భాగములుగా సాగినది. సింధునాగరకత మొదలు స్వాతంత్ర్యమువరకు 5,000 సంవత్సరముల కథ. షామా జైదీ, సునీల్ శాన్‌బాగ్‌గారలు రచన చేయగా, పలువురు చరిత్రపండితులు సలహా లొసగిరి. వనరాజ్ భాటియాగారు ఋగ్వేదమందలి నాసదీయసూక్తమునకు కట్టిన బాణీ ఆ కాలమున ఇంటింట మ్రోగినది. మన కృష్ణదేవరాయల విజయనగరమును అందొక ఘట్టమైనది.

ఇచ్చటను పోషకప్రశ్న తలయెత్తును. దూరదర్శనము ప్రభుత్వసంస్థ, మూలగ్రంథము మొదటి ప్రధానమంత్రిది, ఆనాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు ఆ గ్రంథకర్తకు దౌహిత్రుడు. ఇట్టిచోట చిత్రము స్తోత్రపాఠముగా మారు ప్రమాదము కలదు. బెనగల్‌గారు దానిని తప్పించుకొనిన విధము గమనింపదగినది. కథను ఒక్క కంఠమునకు అప్పగింపలేదు. నెహ్రూపాత్రధారియైన రోషన్ సేఠ్‌గారి పలుకు ఒకటి. వ్యాఖ్యాతయైన ఓంపురిగారి పలుకు మరియొకటి. భారతకథ చెప్పవలసివచ్చినప్పుడు ఛత్తీసుగఢ్‌నకు చెందిన పాండవాని గాయని తీజన్‌బాయిగారిని తెరపైకి తెచ్చిరి. తంబూర చేతబట్టి ఆమె భీముడై గర్జించుచు, ద్రౌపదియై విలపించుచు పాడుట చూచినవారికి మన కాకిపడిగెలవారి పాండవులకథ స్ఫురింపక మానదు. పండితుని మాటప్రక్కనే పల్లెపాటకును చరిత్రసాక్ష్యముగా స్థానమిచ్చుట ఆ ధారావాహికయందలి విశేషము.

2014లో, తమ 80వ యేట, అప్పటి రాజ్యసభ టెలివిజనుకొరకు ‘సంవిధాన్’ అను 10 భాగముల ధారావాహికను తీసిరి. మన రాజ్యాంగము పుట్టిన విధమే కథ. సచిన్ ఖేడేకర్‌గారు అంబేద్కరు పాత్రను ధరించిరి. 1946 డిసెంబరు 9 మొదలు 1949 నవంబరు 26 వరకు సాగిన చర్చలను, వాదోపవాదములను పామరుడును గ్రహించునట్లు చూపిరి. దుర్గాబాయమ్మగారు, పట్టాభి సీతారామయ్యగారు, రంగాగారు, అల్లాడి కృష్ణస్వామయ్యగారు మొదలగు మనవారెందరో ఆ సభలో కూర్చుండిరను సంగతి మన పిల్లలలో నెందరికి తెలియును? రాజ్యాంగమన ఎవరో ఇచ్చిన దానపత్రము కాదు, పట్టుబట్టి, వాదించి, రాజీపడి వ్రాసికొనిన పత్రమని ఆ చిత్రము బోధించును.

అన్ని చిత్రములును సమానముగా ఫలించెనని చెప్పుట సత్యము కాదు. భారత, బంగ్లాదేశ ప్రభుత్వములు కలిసి నిర్మింపగా 2023లో వెలువడిన ‘ముజీబ్’ వారి కడపటి చిత్రము. అందు స్తుతిపాలు మెండని విమర్శకులనిరి. మరుసటియేడు ఆగస్టులో ముజీబుగారి కుమార్తె ప్రభుత్వము కూలగా, ఢాకాయందు ఆయన విగ్రహములే పడగొట్టబడినవి. ప్రభుత్వము కట్టించిన పటమునకు ప్రభుత్వముతోడనే గండము. 5 లక్షలమంది రెండేసి రూపాయలతో కట్టించిన పటము 48 సంవత్సరముల పిమ్మటను క్రొత్తవెలుగుతో నిలిచినది.

పద్మశ్రీ, పద్మభూషణ బిరుదములును, 2005వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును వీరి నలంకరించినవి. 2006 మొదలు 2012 వరకు రాజ్యసభసభ్యులుగా నుండిరి. 2024 డిసెంబరు 23న, 90 యేండ్లు నిండిన తొమ్మిదవదినమున, ముంబయిలో పరమపదించిరి.

మనము గ్రహింపవలసినది

ఈ జీవితమునుండి మన సభకు మూడు సంగతులు తెలియవచ్చుచున్నవి.

మొదటిది: చరిత్రమును చేయించు భారమును ఒక్క ధనికునిపై మోపరాదు. మన మహారాజపోషకుల యౌదార్యమును తక్కువచేయుట నా భావము కాదు. ఒక్కరి సొమ్ముతో అయినచో అది ఆ యొక్కరి యింటి చరిత్రమగు ప్రమాదము కలదు. వారు నూరు రూపాయలిచ్చుచోట నూర్గురు రూపాయి యిచ్చినచో అది అందరిదగును.

రెండవది: చేయువానికి స్వేచ్ఛ నీయవలెను. మన పూర్వులు వీరులు, దానశీలురు అని మాత్రమే వ్రాయుమని ముందుగనే కట్టడిచేసినచో పుస్తకము అచ్చగును, బీరువాలో చేరును, చదువువాడుండడు. మనవారు పడిన అవమానములతోపాటు, మనవారు ఇతరులకు చేసిన అవమానములును అందుండవలెను. మన యిండ్లలో ఆడపిల్ల చదువు ఎట్లు ఆగినదో, పొత్తులో నుండవలసిన భూమి ఎట్లు తగవులపాలైనదో, మన సంఘనిధులే యొకప్పుడు ఎట్లు ఎవరివలన చెడినవో చెప్పుటకు వెరవరాదు. పాలరైతులు వెరవలేదు, నేతగాండ్రు వెరవలేదు. మనము వెరవనేల?

మూడవది: కాలము మించుచున్నది. నేడు ప్రతియింట చేతిలో ఇమిడిపోవు ఫోనునందే కెమెరా కలదు. 12 యేండ్ల బాలుడు తండ్రి కెమెరాతో ప్రారంభించిన పనిని నేడు మన యింటి బాలుడెవడైనను ప్రారంభింపవచ్చును. మన యిండ్లలో ఎనుబది, తొంబది యేండ్ల అవ్వలున్నారు. వారి పెండ్లినాటి పాట, కరవునాటి తిండి, వలసపోయిన త్రోవ, మొదటిసారి ఓటు వేసిననాటి సంతోషము వారి నోటనే యున్నవి. ప్రతి సంవత్సరము మన సభలో మౌనము పాటించి జోహారులర్పించు పేళ్ళపట్టిక పెరుగుచున్నది. ఆ పట్టికలోని ఒక్కొక్క పేరుతో ఒక్కొక్క గ్రంథాలయము మూతపడుచున్నది.

కాబట్టి ఈ యేడు అదే తీర్మానమును మరల అంగీకరించుటకు ముందు, సభకు వచ్చిన ప్రతివారును ఇల్లు చేరినపిమ్మట ఒక పెద్దదిక్కు యెదుట కూర్చుండి, ఒక గంటకాలము ఆమె మాటను, ముఖమును పట్టి యుంచవలెనని ప్రార్థించుచున్నాను. అందు మనకు నచ్చని మాట దొర్లినను తుడిచివేయకుడు. రాబోవు తరమువారు మన చరిత్రమును నమ్ముటకు ఆ మాటయే ఆధారమగును.

స్వస్తి.